మూగ పాఠాలు

పోయిన వారం వరూధినిని ఆమె పాత కెమిస్ట్రీ ల్యాబు గుమ్మంలో వదిలి వచ్చాం. ఎందుకు వచ్చిందో, ఏమిటా కంగారో మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి లోపలికి పోదాం.

బెంగుళూరు హూడిలో ఆమె పనిచేసే ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆన్‌లైన్ చదువులకు మారాలని ముచ్చటపడింది. ముందుగా కెమిస్ట్రీ మీద పడ్డారు. వరూధిని పాఠాలన్నీ కెమెరా ముందు చెప్పించి పోర్టల్‌లో పెట్టారు. పిల్లలు వాటిని ఫోన్లో చూడాలి, చూశారని పోర్టల్ ఒప్పుకోవాలి, అప్పుడే హాల్ టికెట్. బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదివే మునిలక్ష్మి ఒక్క పాఠమూ చూడలేదని పోర్టల్ తేల్చేసింది. దొడ్డబళ్ళాపురంలో మరమగ్గాల మీద బతికే ఇంటి పిల్ల. హాల్ టికెట్లకు ఈ సాయంత్రమే ఆఖరు. ఇది తప్పితే ఏడాది పోతుంది, ఏడాది పోతే ఇంట్లోవాళ్ళు మళ్ళీ కాలేజీ ముఖం చూడనివ్వరు. ఆ సంగతి తేల్చుకుందామని వరూధిని వస్తే, ప్రిన్సిపాల్ దేవరాజ్ గారు పై అంతస్తులో, కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందంతో ఉన్నారన్నారు. ఆయన దిగేదాకా కింద కారిడార్లో తిరుగుతుంటే, మూసేసి చాలాకాలమైన తన ల్యాబులోంచి ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు వినబడింది. తలుపు తోసింది. అది గడియ పెట్టి లేదు.

లోపల ఆమెకు కనిపించింది ఆమే.

ఒక్కచోట కాదు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, బల్లల నిండా ఆమె ముఖాలే. బ్యూరెట్లు బిగించే ఇనుప స్టాండ్లకు ఇప్పుడు ఫోన్లు బిగించి ఉన్నాయి. గీతలు పడినవీ, మూలలు పగిలినవీ, ఎక్కడో గంపగుత్తగా కొనుక్కొచ్చిన పాత ఫోన్లు. ఒకప్పుడు గ్యాసు గొట్టాలు పాకిన చోట ఛార్జర్ తీగలు పాకుతున్నాయి. ప్రతి ఫోన్లోనూ ఆమె నీలం చీర కట్టుకుని, చెయ్యి ఊపుతూ, నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. ఒక్కదానికీ శబ్దం లేదు. వినడానికి ఎదురుగా ఒక్క మనిషీ లేడు.

ఆ పాఠాలు చెప్పిన రోజులు గుర్తొచ్చాయి ఆమెకు. మైకులో చప్పుడు పడుతుందని ఫ్యాను కట్టేసిన గదిలో, చెమటకు జాకెట్టు వీపుకు అంటుకుపోతుంటే, గోడను చూసి పాఠం చెప్పింది. గోడకు పాఠం చెప్పడం చేతగాక చివరి బెంచీలో ఎవరో తల గోక్కుంటున్నట్టు ఊహించుకుని, వాళ్ళకు అర్థం కాదేమోనని అదే సంగతి మళ్ళీ ఇంకోలా చెప్పింది. ఎడిటింగు చేసే కుర్రాడు విసుక్కున్నా వినలేదు. ఆ శ్రమంతా ఇప్పుడు ఇలా స్టాండుకు వేలాడుతోంది. ఎవరో తనను తెచ్చి ఈ బల్లల మీద వరసగా కట్టేసి, నోట్లో గుడ్డలు కుక్కినట్టనిపించింది.

వెనక వరసలో ఒక మనిషి కదిలాడు. ల్యాబ్ అటెండర్ శామ్యూల్. ల్యాబు మూశాక ఆయన్ని ఆఫీసులో వేశారని విన్నది. ఆయన ఒక ఫోను దగ్గర వంగి తెర మీద వేలితో నొక్కాడు, పక్కదానికి జరిగి మళ్ళీ నొక్కాడు. మూడోదాని దగ్గర తలెత్తి ఆమెను చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏం నొక్కుతున్నావ్ శామ్యూల్?"

"అప్పుడప్పుడు అడుగుతాది మేడమ్... 'మీరు చూస్తున్నారా?' అని."

"నువ్వేమంటావ్?"

"చూస్తున్నాను అని నొక్కాల." ఆయన గొంతు సన్నబడిపోయింది. "నొక్కకపోతే పాఠం ఆగిపోతాది. నన్ను కోప్పడొద్దు మేడమ్. ల్యాబు పాయె, నీ పని ఇది చేసుకో, లేదంటే ఇంటికి పో అన్నారు. ఈ వయసులో యాడికి పోదును?"

శామ్యూల్ మీద ఆమెకు కోపం రాలేదు. ఆయన ఈ ల్యాబులో ఎన్నో బ్యాచీలకు గాజు సామాను కడిగి తుడిచి అందించిన మనిషి. పగిలిన ఫ్లాస్కు చూసినా ఇంట్లో చెంబు పగిలినంత బాధపడేవాడు. అలాంటివాడి చేత కాలేజీ మొత్తానికి హాజరు పలికిస్తున్నారు.

"ఏమమ్మా, ఇక్కడుండారా!" అని వెనక నుంచి పలకరింపు వచ్చింది.

దేవరాజ్ గారు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. పుట్టి పెరిగింది బెంగుళూరే, ఇంట్లో తెలుగు, బయట కన్నడం, మీటింగుల్లో ఇంగ్లీషు. ఏ భాషలోనైనా ఆయన గొంతు వెన్న రాసినట్టే ఉంటుంది. దొరికిపోయానన్న సిగ్గు ఆయన ముఖంలో ఎక్కడైనా ఉందేమోనని వరూధిని వెతికింది. అలాంటిదేమీ లేదు.

"పైన వాళ్ళకి మీ పాఠమే చూపిస్తాండాము. బలే మెచ్చుకునినారు. తలుపు వేసినారా లేదా అని చూసి పోదామని దిగినా."

"ఇదేంటి సార్?"

"ఏది?"

"ఇది!" ఆమె చెయ్యి చాపింది.

"ఓ, ఇదా." ఆయన ఒక స్టూలు లాక్కుని, దుమ్ము ఊది, కూర్చున్నాడు. "చూడండమ్మా, పిల్లోళ్ళు చూడరు. మనం తల కిందులుగా నిలబడినా చూడరు. వచ్చినవాళ్ళకేమో అందరూ చూసినట్ల కనపడాల. లేదంటే గ్రేడు పోతాది. గ్రేడు పోతే చేరేవాళ్ళుండరు. చేరేవాళ్ళు లేకపోతే మీకేమి, నాకేమి, ఈ శామ్యూల్‌కేమి? అందుకని సుమ్మనే ఇట్ల అడ్జస్ట్ చేసినాము. బేజారు చేసుకోవద్దండి."

సుమ్మనే అట, అంటే ఊరికే! వరూధిని పళ్ళు బిగించింది.

"వీళ్ళు చూడకపోయినా చూసినట్టు మీరే చేశారు. మరి మునిలక్ష్మికి హాల్ టికెట్ ఎందుకు ఆపారు?"

"ఆ పాపది సున్నా ఉండాది కదా. పోర్టల్ చెప్పినాక మనదేముండాది?"

"వీళ్ళంతా చూశారని చెప్పింది కూడా ఆ పోర్టలే!"

"అదేనమ్మా నేను చెప్పేది. పోర్టల్ చెప్పినట్ల నడుచుకుంటాండాము, అంతే."

తప్పు చేసి బుకాయించేవాడితో పోట్లాడవచ్చు. ఈయన బుకాయించడం లేదు. మురుగు కాలవ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఇక్కడ గాలి బాగుంటుంది, మీరూ రండి అంటున్నాడు.

"ఆ అమ్మాయి చూసింది సార్. ప్రతి పాఠమూ చూసింది. వాళ్ళింట్లో ఉన్నది బటన్ ఫోను. వాళ్ళ వీధిలోనే ఉండే జ్యోతి ఫోన్లో ఇద్దరూ కలిసి కూర్చుని చూశారు. ఒక ఫోనుకు ఒక్కరినే పోర్టల్ ఒప్పుకుంటుంది. అందుకని జ్యోతికి హాజరు పడింది, దీనికి పడలేదు. ఒకే బెంచీలో కూర్చుంటే ఇద్దరికీ పడదా మేడమ్ అని నన్నడిగింది. క్లాసులో పడుతుంది కదా, ఇక్కడా పడుతుందనుకుంది. దాని తప్పల్లా అదే."

"చూసిందని మీకెట్ల తెలుసు?"

"టైట్రేషన్ పాఠంలో, రంగు మారాక నేను ఫ్లాస్కు పక్కన పెట్టి మాట్లాడుతున్నాను. కాసేపటికి ఆ గులాబీ రంగు దానంతటదే పోయింది. షూటింగు చేసినవాళ్ళు చూడలేదు, ఎడిటింగు చేసినవాళ్ళు చూడలేదు. మీరు పైన బృందానికి చూపిస్తున్నారే, మీరూ చూసుండరు. జ్యోతి ఫోన్లోంచి నాకు వాయిస్ మెసేజ్ పెట్టి, 'మేడమ్, మీరు మాట్లాడతా ఉండంగానే రంగు పాయె, అదెందుకు?' అని అడిగింది ఈ అమ్మాయి ఒక్కతే. గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడు వల్ల అని జవాబు పెట్టాను. ఈ కాలేజీ మొత్తంలో నా పాఠం చూసింది అది, దాని పక్కన కూర్చున్న జ్యోతి!"

దేవరాజ్ గారు తల ఊపాడు. ఒప్పుకున్నాడు కూడా. ఆ ఒప్పుకోవడమే ఇంకా రోతగా ఉంది.

"మంచి పాపే. అయితే దానికేమి తొందర, ఇబ్బందేముండాది? ఇంకొక ఫోను పెట్టేస్తే సరిపోతాది. శామ్యూల్, ఒకటి ఖాళీ చెయ్యప్పా. వేగం పెంచి పెడితే సాయంత్రానికి కావాల్సినంత వచ్చేస్తాది. కాకపోతే ఆ పాప పాస్‌వర్డ్ మా దగ్గర లేదు."

"మిగతావాళ్ళవి ఉన్నాయా?"

"మేమిచ్చినవే కదమ్మా. భద్రత కోసం పాస్‌వర్డ్ మార్చుకోండని పోయిన ఏడు అందరికీ మెసేజ్ పంపినాము. దాన్ని నమ్మి, ఆఫీసు కంప్యూటర్లో కూసుని మార్చుకునింది మునిలక్ష్మి ఒక్కతే." ఆయన నవ్వాడు. "మీరడిగితే చెప్తాది. మీరంటే గౌరవం ఉండాది."

వరూధినికి ఒళ్ళు మండిపోయింది. "నేనిప్పుడే పైకి వెళ్తాను. తనిఖీ బృందాన్ని ఇక్కడికి తీసుకొస్తాను. వాళ్ళే చూస్తారు."

"పొండి." ఆయన స్టూలు మీంచి లేచి దారి కూడా ఇచ్చాడు. "పోయి చెప్పండి. వాళ్ళేం చేస్తారు? పోర్టల్ లెక్కంతా తప్పని కొట్టేస్తారు. అందరి హాల్ టికెట్లూ నిలిపేస్తారు. విచారణ అంటారు, అది ఎన్నాళ్ళు నడుస్తాదో ఎవురికి తెలుసు. మీ మునిలక్ష్మిది మాత్రం అప్పుడు ఎట్ల వస్తాది? ఆలోచన చేసుకోండమ్మా. మీకు మీ కోపం ముఖ్యమా, ఆ పాప ముఖ్యమా?"

అని, మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు, ఎంత జాగ్రత్త!

ఆమె ఆ బల్లల మధ్యకు నడిచింది. చుట్టూ ఆమె ముఖాలు పెదాలు కదిలిస్తూనే ఉన్నాయి. అన్నిటికంటే తట్టుకోలేనిది ఏమిటంటే, ఆయన చెప్పింది నిజం. మునిలక్ష్మి పరీక్ష రాయాలంటే ఇంత మురికిలోనూ దారి ఒక్కటే ఉంది, అది ఈ స్టాండు మీదుగానే పోతుంది. నిజంగా చదివిన పిల్ల చదివిందని చెప్పుకోవడానికి దొంగ హాజరు వేయించుకోవాలి. ఇంతకంటే రోత పని తన ఉద్యోగంలో ఎప్పుడూ ఎదురుకాలేదు. పోనీ ఛీ అని చెయ్యి దులుపుకుని వెళ్ళిపోదామంటే, దులుపుకునేది ఆ పిల్ల ఏడాదిని.

ఫోను తీసి మునిలక్ష్మిని పిలిచింది. పొద్దున్నే బస్సెక్కి వచ్చి, ఇంట్లో బటన్ ఫోను చేత పట్టుకుని గేటు దగ్గరే కూర్చుని ఉంది ఆ పిల్ల.

మునిలక్ష్మి లోపలికొచ్చి చుట్టూ చూసింది. సన్నటి పిల్ల, చెయ్యి మీద ఎప్పటిదో నూలు దారం ముక్క అంటుకుని ఉంది. ఒక ఫోను దగ్గరికి వెళ్ళి వంగి చూసింది, ఇంకోదాని దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్లకు అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఇది టైట్రేషన్ పాఠం కదా మేడమ్? మాట వినపడేదిల్లేదే."

"వినేవాళ్ళు లేరు మునిలక్ష్మీ. అందరి బదులూ శామ్యూల్ నొక్కుతున్నాడు." చెప్పడానికి సిగ్గేసింది. అయినా ఉన్నదున్నట్టు చెప్పింది. ప్రిన్సిపాల్ అన్న మాటలూ, పాస్‌వర్డ్ సంగతీ అన్నీ చెప్పి, "నిన్నిది చెయ్యమని నేను అడగను. నాకే అసహ్యంగా ఉంది. నువ్వు వద్దంటే ఇద్దరం కలిసి పైకి వెళ్దాం, ఏమైతే అదవుతుంది" అంది.

ఆ పిల్ల వద్దంటుందని వరూధిని అనుకుంది. నిజం చెప్పాలంటే, అంటే బాగుండునని ఆశపడింది.

"పెట్టేయండి మేడమ్" అంది మునిలక్ష్మి.

వరూధిని ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"మీకు అసహ్యంగా ఉండాది, నాకూ ఉండాది. కానీ మీ ఉద్యోగం రేపు కూడా ఉంటాది. నాకు ఈ పరీక్ష లేకపోతే రేపట్నించి మగ్గమే. మా నాయన ఒక్క మాట అంటాడు, చాల్లే ఇంక అంటాడు, అయిపోతాది. మగ్గం పక్కన జ్యోతీ నేనూ చెవుల్లో చెరొక ఇయర్‌ఫోను పెట్టుకుని మీ పాఠాలు విన్నాము. ఆ చప్పుడులో సగం వినపడక మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాము. అంత చేసినాక నాకు మర్యాద కాదు మేడమ్, హాల్ టికెట్ కావాల."

పిల్ల గొంతులో ఏడుపు లేదు, కోపమే ఉంది. ఆ కోపంలో కొంత తన మీద కూడా అని వరూధినికి తెలిసింది. తెలిసి, తల వంచుకుంది.

శామ్యూల్ ఒక ఫోను విప్పి తెచ్చిచ్చాడు. మునిలక్ష్మి పాస్‌వర్డ్ చెప్పింది. వరూధిని తన వేలితోనే కొట్టింది. ఒక్కో అక్షరమూ కొడుతుంటే వేలికి జిగురు అంటుకుంటున్నట్టే ఉంది. పోర్టల్ తెరుచుకుంది, స్వాగతం మునిలక్ష్మీ అని పలకరించింది. మొదటి పాఠం నొక్కింది. నీలం చీర కట్టుకున్న వరూధిని తెర మీదికొచ్చి, చేతులు జోడించి, నోరు కదపడం మొదలుపెట్టింది.

"ఇటివ్వండి" అని మునిలక్ష్మి చెయ్యి చాపి, ఆమె చేతిలో ఉన్న ఫోనుకే పక్క బటన్ నొక్కి శబ్దం పెంచింది. "ఊరికే ఎందుకు తిరగాల? వింటా. మళ్ళీ వింటా. నేను కూసుని వినేటప్పుడు అది దొంగ హాజరు ఎట్ల అవుతాది?"

శబ్దం పూర్తిగా పెరిగింది. చాలాకాలంగా మనిషి మాట ఎరగని ఆ ల్యాబులో వరూధిని గొంతు ఖంగుమంది. "అందరూ కూర్చున్నారా? వెనక బెంచీవాళ్ళకి వినబడుతోందా?"

"తగ్గించమ్మా, తగ్గించు!" అన్నాడు శామ్యూల్, తలుపు వైపు చూస్తూ.

ఆ మాట వేళ మించి వచ్చింది. మెట్ల మీద చాలా బూట్ల చప్పుడు. భోజనాలకు దిగుతున్న తనిఖీ బృందం. వాళ్ళలో ఎవరో పెద్దమనిషి గొంతు, "ఇందాక మనం పైన విన్న గొంతు కదా ఇది? క్లాసు జరుగుతున్నట్టుంది, ఒకసారి చూసి పోదాం" అంటోంది. "ఆ పక్కకి వద్దు సార్, పాత గోడౌను, దుమ్ము" అని దేవరాజ్ గారి గొంతు. అది మొదటిసారి తొట్రుపడింది.

తలుపు తెరుచుకుంది.

ముందు నిలబడినాయన బృందానికి పెద్ద, ప్రొఫెసర్ మహబూబ్ బాషా. కర్నూలు మనిషి, రిటైరై ఇలాంటి తనిఖీలకు వస్తుంటాడు. ఆయన గుమ్మంలోనే ఆగి బల్లలన్నీ చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని మళ్ళీ చూశాడు. ఆయన ముఖంలోకి ఏదో పాచిపోయిన వాసన తగిలినట్టు ఒక ముడత వచ్చింది.

"ఏందిది, దేవరాజ్ గారూ?"

ఒక్క క్షణం. దేవరాజ్ గారికి అంతకంటే అక్కరలేకపోయింది. ఆయన అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు, కళ్ళు పెద్దవి చేశాడు, ఆ వెన్నలాంటి గొంతులో బాధ నింపుకున్నాడు.

"మేడమ్! ఏమిటికి చేసినారు ఇట్ల? మూసేసిన ల్యాబులో, నాకొక మాట కూడా చెప్పకుండా! మీ పాఠాలు అందరూ చూసినారని పేరు రావాలనే కదా ఇదంతా? అడిగింటే నేనే ఏదన్నా చేసేవాణ్ణి కదమ్మా."

వరూధిని బల్లల వైపు తిరిగింది. చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఆమెవే. ఆ పాఠాలు ఆమెవి, ల్యాబు ఆమెది, ఈ దొంగతనంలో దేవరాజ్ గారి ఆనవాలంటూ ఏదీ ఆ గదిలో లేదు. శామ్యూల్ వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు, పెదాలు కదుపుతున్నాడు, మాట మాత్రం బయటికి రావడం లేదు.

బాషా గారు నెమ్మదిగా ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలో ఇంకా మోగుతున్న ఫోను తీసుకుని తెర చూశాడు.

"మునిలక్ష్మి ఎవరు?"

"నేనే సార్" అంది మునిలక్ష్మి.

"ఇది నీ ఫోనా?"

"కాదు సార్."

"చూడు తల్లీ, భయపడద్దు. నిజం చెప్తే నీ పరీక్షకు ఏ అడ్డమూ రాకుండా నేను చూస్తా. అబద్ధమని తేలితే నా చేతిలో కూడా ఏమీ ఉండదు. నీ పాస్‌వర్డ్‌తో దీంట్లో లాగిన్ చేసింది ఎవరు?"

ఆయన వెనక నుంచి దేవరాజ్ గారు ఆ పిల్లను చూసి చల్లగా నవ్వాడు. మునిలక్ష్మి ఆయన్ని చూసింది, శామ్యూల్‌ని చూసింది. ఆఖరుకు వరూధిని ముఖంలోకి చూసింది, చూపు తిప్పుకోకుండానే జవాబు చెప్పింది.

"మేడమే చేసింది సార్."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.